ఫరంగ్ అంటే వాళ్ళకి జామకాయ, మనకేమో ఫిరంగి

బ్యాంకాక్‌లో ఉద్యోగంలో చేరిన రెండో వారం అనుకుంటా, మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్క సీటు అమ్మాయి ఒక ప్లాస్టిక్ కవర్ నా వైపు జరిపి "ఫరంగ్ తింటారా" అని అడిగింది. అప్పటికి నాకొచ్చిన థాయ్ మాటలు పది కూడా ఉండవు, కానీ ఆ పదిలో ఫరంగ్ ఉంది, ఎందుకంటే వీధిలో అడుగుపెడితే చెవిన పడే మాట అది, తెల్లవాళ్ళని అలా అంటారని మొదటి రోజే ఎవరో చెప్పారు. తెల్లవాళ్ళని తినడమేంటని నేను తెల్లమొహం వేసేసరికి ఆ అమ్మాయి కవర్ తెరిచి చూపించింది. జామకాయ ముక్కలు. మన జామకాయే, కాకపోతే పిడికిలికి రెండింతలుంటుంది, పైన లేత ఆకుపచ్చ, లోపల తెల్లగా గట్టిగా. దాంతోపాటు చిన్న పొట్లంలో ఉప్పు, పంచదార, ఎండుకారం కలిపిన పొడి. థాయ్‌లో జామకాయ పేరు కూడా ఫరంగే. పలకడంలో, రాయడంలో, స్వరంలో ఏ తేడా లేదు, ఒకటే మాట.

ఆ రోజు నుంచి ఈ మాట నన్ను వదల్లేదు. మూడేళ్ళు ఉన్నాను అక్కడ, తిరిగొచ్చి కూడా చాలా కాలమైంది, ఇప్పటికీ దీని గురించి ఎవరైనా తప్పుగా చెప్తే ఊరుకోలేను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తప్పు ఏంటంటే, థాయ్‌వాళ్ళ పాత రాజధాని అయుత్తయ వెళ్తే గైడ్ చెప్తాడు, ట్రావెల్ వీడియోల్లో చెప్తారు, మన తెలుగు వ్లాగుల్లో కూడా విన్నాను: "థాయ్‌లాండ్‌కి మొదట వచ్చిన తెల్లవాళ్ళు ఫ్రెంచ్‌వాళ్ళు, ఫ్రాన్స్‌ని థాయ్‌లో ఫరంగ్‌సేత్ అంటారు, దాన్ని కుదించి ఫరంగ్ అన్నారు". వినడానికి బాగా అతికినట్టుంటుంది, అందుకే అందరూ నమ్మేస్తారు. కానీ తేదీలు చూస్తే నిలబడదు. ఫ్రెంచ్ మిషనరీలు అయుత్తయ చేరింది 1662లో. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పంపిన పెద్ద రాయబారం అయుత్తయ ఏలే నారాయ్ రాజు దగ్గరికి వచ్చింది 1685లో. పోర్చుగీసువాళ్ళేమో 1511లో మలయ్ తీరంలోని మలక్కా రేవుని పట్టుకున్న ఏడాదే దువార్తె ఫెర్నాండెస్ అనే దూతని అయుత్తయకి పంపారు. అంటే ఫ్రెంచ్‌వాళ్ళ కంటే నూట యాభై ఏళ్ళు ముందు. 1516లో ఒప్పందం కూడా రాసుకున్నారు, తుపాకులూ మందుగుండూ ఇచ్చారు, రాజు సైన్యంలో కిరాయికి పోరాడారు. అయుత్తయ దక్షిణాన చావో ప్రయా నది ఒడ్డున వాళ్ళ పేట ఉండేది. పాత చర్చి పునాదులు, తవ్వకాల్లో బయటపడ్డ అస్థిపంజరాలు ఇప్పటికీ అక్కడే చూడొచ్చు, నేను వెళ్ళి చూశాను కూడా. నూట యాభై ఏళ్ళు ఊళ్ళో తిరిగిన మనుషుల్ని ఏ పేరూ పెట్టకుండా పిలిచారంటే ఎలా నమ్మాలి?

ఇంకో సంగతి చూడండి. ఇదే మాట థాయ్‌లాండ్ దాటితే ఎన్ని చోట్ల ఉందో. మలయ్‌లో ఫెరింగ్గి, పెనాంగ్‌లో బాతు ఫెరింగ్గి అనే బీచ్ ఉంది, అంటే పరంగుల రాయి అని. కంబోడియాలో బారాంగ్, లావోస్‌లో ఫలాంగ్, శ్రీలంకలో పరంగి అంటే పోర్చుగీసువాడు, ఇథియోపియాలో ఫెరెంజ్. హిందీలో ఫిరంగీ. వీళ్ళందరూ థాయ్‌వాళ్ళు ఫ్రాన్స్ పేరుని కుదించుకుంటే దాన్ని అరువు తెచ్చుకోలేదు కదా.

అసలు మూలం ఫ్రాంక్ అనే తెగ పేరు. పశ్చిమ యూరప్‌ని ఏలిన జర్మానిక్ తెగ, ఫ్రాన్స్‌కి ఆ పేరొచ్చింది కూడా వాళ్ళ వల్లే. 1095లో పోప్ పిలుపుతో క్రూసేడ్లు మొదలై యూరప్ నలుమూలల నుంచి సైన్యాలు జెరూసలేం మీదికి వస్తే అరబ్బులు వాళ్ళలో ఎవరు ఏ దేశంవాడో విడదీసుకుంటూ కూర్చోలేదు, అందర్నీ కలిపి ఇఫ్రంజ్ అన్నారు. అదే పర్షియన్‌లో ఫరంగ్ అయింది. పర్షియన్‌లో ఫరంగ్ అంటే ఆ దేశం, ఫరంగీ అంటే ఆ దేశపు మనిషి. అక్కడి నుంచి హిందూ మహాసముద్రం మీద వ్యాపారం చేసేవాళ్ళ నోట్లో పడింది. కాబట్టి ఫరంగ్, ఫరంగ్‌సేత్ రెండూ ఆఖరికి ఒకే తెగ పేరు దగ్గరికే చేరతాయి, కానీ ఒకటి అరబ్బు, పర్షియన్ నోళ్ళ మీదుగా ఓడెక్కి వచ్చింది, ఇంకోటి ఫ్రెంచ్‌వాళ్ళు తమను తాము పిలుచుకున్న మాటకి థాయ్ పలుకు. మొదటిది రెండోదాని కూతురు కాదు, దూరపు చుట్టం.

దీన్ని ఇంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే, ఫ్రెంచ్ కథ నమ్మితే మధ్యలో ఉన్న సముద్రం మొత్తం మాయమైపోతుంది. యూరప్‌వాడు వచ్చాడు, థాయ్‌వాడు పేరు పెట్టాడు, అంతే, మధ్యలో ఇంకెవరూ లేరన్నట్టు. నిజానికి పోర్చుగీసువాళ్ళు మలక్కా చేరేసరికే అక్కడ గుజరాతీలు, తమిళులు, పర్షియన్లు, అరబ్బులు ఎన్నాళ్ళుగానో దుకాణాలు పెట్టుకుని ఉన్నారు. కొత్తగా వచ్చిన ఈ తెల్ల మనుషులు ఎవరయ్యా అని అడిగితే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఒక మాట అప్పటికే తయారుగా ఉంది. తూర్పు దేశాలకి తెల్లవాడి కంటే తెల్లవాడి పేరే ముందు చేరి ఉంటుందని నా నమ్మకం.

తర్వాత పదిహేడో శతాబ్దానికి అయుత్తయలో పర్షియన్ల పలుకుబడి ఎంత ఉండేదంటే, ఇరాన్‌లోని కోమ్ నుంచి వచ్చిన షేక్ అహ్మద్ అనే వర్తకుడు సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజు కొలువులో పెద్ద పదవులు చేశాడు. థాయ్ చరిత్రలో బున్నాగ్ అనే గొప్ప వంశం ఆయన సంతతే. 1685లో, అదే ఫ్రెంచ్ రాయబారం వచ్చిన ఏడాది, ఇరాన్ షా కూడా నారాయ్ రాజు దగ్గరికి తన రాయబారాన్ని బయల్దేరదీశాడు. థాయ్‌లో గులాబీని కులాప్ అంటారు, అది పర్షియన్ గులాబే. ద్రాక్షని అంగున్ అంటారు, మన హైదరాబాద్ అంగూరే. ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఇక్కడే మన ఊరు కూడా వస్తుంది. ఆ కాలంలో గోల్కొండ రాజ్యానికి రేవు మచిలీపట్నం, గోల్కొండ దర్బారు పర్షియన్ మాట్లాడే దర్బారు. మచిలీపట్నంలో ఓడెక్కితే బంగాళాఖాతం దాటి ఇప్పటి మయన్మార్‌లోని మెర్గుయి, తెనస్సెరిం దగ్గర దిగి అక్కడి నుంచి నేలదారిన అయుత్తయ వెళ్ళేవాళ్ళు. మెర్గుయి అప్పుడు సియాం చేతిలో ఉండేది. సియాం రాజకుటుంబం కట్టుకునే రంగుల అచ్చు బట్టలు కోరమాండల్ తీరంలోనే నేయించి, అద్దించి తెప్పించుకునేవాళ్ళు. నమూనా గీసి అక్కడి నుంచి పంపేవాళ్ళు, ఇక్కడి పనివాళ్ళు ఆ గీతల ప్రకారం అద్దేవాళ్ళు. బ్యాంకాక్‌లో రాణిగారి పేరున్న బట్టల మ్యూజియం ఉంది, గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలోనే. అక్కడ అలాంటి బట్ట ముందు నిలబడి నేను చాలాసేపు కదల్లేకపోయాను. ఎర్రటి నేల మీద సన్నటి గీతలు, మధ్యలో చేతులు జోడించిన దేవతా రూపం థాయ్ పద్ధతిలో, అంచు మాత్రం చూడగానే మన పెడన గుర్తొచ్చేలా. అది వేసిన చేతులు ఆ దేవతని థాయ్ గుడిలో ఎప్పుడూ చూసి ఉండవు.

సరే, ఆ ఓడలు ఎక్కిన మాట మన దగ్గరేం చేసిందో చూడండి. తెలుగులో ఫిరంగి అంటే తోపు. గోడలు కూల్చే ఆయుధం. మనిషి పేరు వాడు తెచ్చిన వస్తువుకి అంటుకుంది. మరాఠీలో ఫిరంగీ అంటే ఒకరకం పొడవాటి కత్తి, యూరప్ నుంచి వచ్చిన అలుగుతో చేసింది. తమిళంలో పరంగిక్కాయ్ అంటే గుమ్మడికాయ, చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్‌ని ఇప్పటికీ పరంగిమలై అంటారు. కన్నడంలో పరంగి హణ్ణు అంటే బొప్పాయి. పదహారో శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో ఫిరంగ రోగం అని ఉంది, అది సిఫిలిస్. దానికి మందుగా వాడిన వేరుని మనం పరంగిచెక్క అంటాం. ఒకే పేరుతో రోగమూ ఉంది, దాని మందూ ఉంది. గుంటూరు దగ్గర ఫిరంగిపురం ఉంది, రంగారెడ్డి జిల్లాలో ఫిరంగి నాలా ఉంది. ఒక్క తెగ పేరు ఇన్ని వస్తువులై, ఊళ్ళై, కాలువలై మన మధ్య తిరుగుతోంది.

ఇక్కడ ఒక వాదన చాలామందికి తోస్తుంది, నాకూ మొదట తోచింది: సియాం ఎవరికీ వలస రాజ్యం కాలేదు కాబట్టి వాళ్ళకి పండు మిగిలింది, మనల్ని తుపాకీతో ఏలారు కాబట్టి మనకి ఫిరంగి మిగిలింది అని. స్నేహితులకి ఇలాగే చెప్పేవాణ్ణి, వాళ్ళు బాగుందనేవాళ్ళు. తర్వాత ఆలోచిస్తే అది తప్పనిపించింది. దక్కన్ సుల్తానులు, విజయనగరం వాళ్ళు ఫిరంగులతో యుద్ధాలు చేసుకునేనాటికి ఇంగ్లీషువాడు మనల్ని ఏలడం లేదు. మనం వాటిని కొనుక్కున్నాం, మనవాళ్ళే పోత పోశారు, ఒకరి కోట ఒకరు కూల్చుకున్నాం. సియాంకి మాత్రం పోర్చుగీసువాడు తుపాకీ ఇవ్వలేదా, ఇచ్చాడు, 1516లోనే. మరి తోపుకి ఆ పేరు ఎందుకు పెట్టుకోలేదంటే థాయ్‌లో తుపాకీకి సొంత మాట ఉంది, తోపుని పెద్ద తుపాకీ అనుకుంటే సరిపోయింది. జామకాయకే ముందు పేరు లేదు. నాకు తెలిసినంతలో కారణం అంతే, పేరు లేని చోట కొత్త పేరు వచ్చి కూర్చుంది. దేశాల చరిత్ర మొత్తం ఒక్క మాటలో కుదించి చెప్పాలనే ఆశ ఉంటుంది చూశారా, మాటల గురించి రాసేవాళ్ళు దాని దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

జామ చెట్టు అమెరికా ఖండాలది. పోర్చుగీసు, స్పెయిన్ ఓడల వెంట ఆసియాకి వచ్చింది. థాయ్‌వాళ్ళు పరదేశి పండుని పరదేశి పేరుతోనే పిలిచి అలాగే ఉంచేశారు. బంగాళాదుంప మన్ ఫరంగ్, అంటే ఫరంగ్ దుంప. ఆస్పరాగస్ నోమాయ్ ఫరంగ్, ఫరంగ్ వెదురుమొలక. చూయింగ్ గమ్ అయితే మాక్ ఫరంగ్, ఫరంగ్ వక్క. ఈ చివరిది నాకు చాలా ఇష్టం, వక్కాకూ నమిలే జనం, తెల్లవాడు ఏదో నములుతుంటే చూసి అది వాళ్ళ వక్క అనుకున్నారు, అంతకంటే కచ్చితంగా ఎవరు చెప్పగలరు. పొడుగాటి రంపపు ఆకుల కొత్తిమీర ఒకటుంటుంది సూపుల్లో వేస్తారు, అది పక్‌చీ ఫరంగ్, ఫరంగ్ కొత్తిమీర, అదీ అమెరికా మొక్కే.

ఇలాంటిదే ఇంకో ముక్క వాళ్ళకి ఉంది, తేత్. మన సంస్కృతం దేశమే, పరదేశం అనే అర్థంలో వాడతారు. టమాటాని తేత్ వంకాయ అంటారు. మసాలా దినుసులన్నిటినీ కలిపి ఖ్రుయాంగ్ తేత్ అంటారు, పరదేశపు సరుకు. మఖామ్ తేత్ అని ఒక కాయ అమ్ముతారు, మఖామ్ అంటే చింత, కొని చూస్తే గులాబీ రంగులో మెలికలు తిరిగిన మన సీమచింతకాయ! మనం సీమ అన్నాం, వాళ్ళు తేత్ అన్నారు, రెండు భాషలూ చింతచెట్టునే గుర్తు చేసుకున్నాయి, రెండూ దాన్ని బయటిదనే అన్నాయి. ఆ రోజు మార్కెట్లో అది తింటూ నిలబడితే చిన్నప్పుడు స్కూలు గోడ పక్కన రాళ్ళతో కొట్టిన చెట్టు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

మరి జామ సంగతేంటి, మనమేం చేశాం? మనం దాని పరాయితనం మర్చిపోయాం. థాయ్‌లో గులాబ్‌జామకాయని చొంపూ అంటారు, అది జంబూ అనే సంస్కృతం మాట, జంబూద్వీపంలో ఉన్న జంబూ. మన జామలో కూడా ఆ జంబూ పోలికే ఉందని నాకనిపిస్తుంది. ఉన్న చెట్టు పేరు కొత్త చెట్టుకి ఇచ్చేసి ఇది మనదే అనేసుకున్నాం. లావోస్‌లో, థాయ్‌లాండ్ ఈశాన్యంలో అయితే జామకాయ పేరు ఫరంగ్ కూడా కాదు, మాక్ సీదా, బక్ సీదా అంటారు. సీదా అంటే వాళ్ళ రామాయణంలో సీతమ్మ పేరు. అదే పేరు మనం ఇంకో అమెరికా పండుకి పెట్టుకున్నాం, సీతాఫలం. సముద్రానికి అటొకరు ఇటొకరు, ఊరూపేరూ తెలియని పళ్ళని చెరొకటి తెచ్చుకుని ఇద్దరూ సీత ఒడిలోనే పెట్టారు. ఈశాన్యంవాళ్ళు ఇంకా ముందుకెళ్ళి, ఫరంగ్ అంటే బక్ సీదానే కదా అని తెల్లవాణ్ణి కూడా బక్ సీదా అని పిలుస్తారు.

ఇప్పుడు తిట్టు సంగతి. ఫరంగ్ అనేది తిట్టా కాదా అని అక్కడుండే తెల్లవాళ్ళు ఎప్పుడూ వాదించుకుంటుంటారు. తిట్టు కాదు. వార్తల్లో వాడతారు, నిఘంటువులో ఉంది, పిల్లలు మామూలుగా అంటారు. తిట్టాలంటే దానికి తోక తగిలించాలి, ఫరంగ్ ఖీ నొక్ అంటారు, పిట్టరెట్ట ఫరంగ్, అది చిన్న నాటు జామకాయ పేరు, మాసిన బట్టల్లో డబ్బుల్లేక తిరిగే తెల్లవాణ్ణీ అలాగే అంటారు. కానీ తిట్టు కాదన్నంత మాత్రాన బాధ ఉండదని కాదు. మా బిల్డింగ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, ముప్ఫై ఏళ్ళ నుంచి అక్కడే, భార్య థాయ్, పిల్లలు థాయ్, ఆయన థాయ్ వింటే ఫోన్లో ఎవరూ గుర్తుపట్టలేరు. కింద నూడుల్స్ బండి దగ్గర ఆయన ఆర్డర్ వచ్చినప్పుడల్లా "ఫరంగ్‌ది" అని కేకేసేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా. ఆయన ఒక్కసారి కూడా ఏమనలేదు, కానీ ఆ కేక వినగానే చెయ్యెత్తే తీరు నేను చూశాను. ఆ మాట అవమానించదు, కానీ ఎప్పటికీ అరగదు.

నాకది ఎందుకు అర్థమైందంటే నాకూ ఒక మాట ఉంది అక్కడ. ఖేక్. భారతీయులు, అరబ్బులు, మలయ్‌వాళ్ళు, పర్షియన్లు, అందరం ఖేక్‌లమే. నిఘంటువు తీస్తే ఖేక్ అంటే అతిథి. మొదటిసారి చూసినప్పుడు పొంగిపోయాను, ఎంత మర్యాద అనుకున్నాను. కొన్నాళ్ళకి ఒక ఇల్లు అద్దెకి చూడ్డానికి వెళ్తే ఓనరు ఫోన్లో వాళ్ళాయనతో "ఖేక్ వచ్చాడు" అని, గొంతు తగ్గించి ఇంకేదో అని, ఇల్లు ఇవ్వలేమని చెప్పింది. పామూ ఖేకూ ఒకేసారి ఎదురైతే ముందు ఖేక్‌ని కొట్టు అని వాళ్ళకి సామెత ఉందని కూడా తర్వాత తెలిసింది. ఆ వారమే బ్యాంకాక్‌లోనే సిలోమ్ అనే పేటలో మారియమ్మ గుడికి వెళ్ళాను. ఆ గుడిని ఊరంతా వాత్ ఖేక్ అంటుంది, అతిథుల గుడి. తమిళులు కట్టుకున్న గుడి అది, వందేళ్ళు దాటింది, లోపల దండం పెట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది థాయ్‌వాళ్ళే, బంతిపూల దండలు పట్టుకుని వరసలో నిలబడతారు. అయినా అతిథుల గుడే.

ఇక్కడికొచ్చాక నాకు ఆ షేక్ అహ్మద్ గుర్తొస్తాడు. ఫరంగ్ అనే మాటని మోసుకొచ్చినవాళ్ళు, ఇదిగో వీళ్ళు పరాయివాళ్ళు అని వేలెత్తి చూపించినవాళ్ళు, ఆ సముద్రపు వర్తకులు, పర్షియన్లు, మన తీరంవాళ్ళు, వాళ్ళే ఇప్పుడు ఖేక్‌లు. తెల్లవాడికి పేరు పెట్టడం నేర్పి పక్కకి తిరిగేసరికి మనకీ ఒక పేరు తయారై ఉంది. అందుకే ఫ్రెంచ్ కథ విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మనం అక్కడ అతిథులమని వాళ్ళు గుర్తుపెట్టుకున్నారు, ఆ ఇంట్లో మాటలు మనమూ ఇచ్చామన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు, మనకి కూడా.

మా సందు మొదట్లో జామకాయల బండి పెట్టే ఆవిణ్ణి నేను పా అనేవాణ్ణి, అమ్మకో నాన్నకో అక్క వరస. అద్దాల పెట్టెలో ఐసు మీద కాయలు పేర్చేది, ఒకటి తీసి చెక్క మీద పెట్టి వెడల్పాటి కత్తితో టకటకా ముక్కలు చేసి కవర్లో వేసి వెదురుపుల్ల గుచ్చి ఇచ్చేది, ఇరవై బాత్. ఒకరోజు వచ్చీరాని థాయ్‌లో చెప్పాను, మా భాషలో కూడా ఈ మాట ఉంది పా, కానీ మాకు ఇది పెద్ద తుపాకీ అని. ఆవిడ కత్తి ఆపి నా వైపు చూసింది. "తినడానికి రాదు మరి" అంది. తర్వాత ఒక ముక్క ఎక్కువ వేసింది.

మొన్న హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర తోపుడుబండి మీద అవే కాయలు కనిపించాయి, అదే సైజు, అదే లేత ఆకుపచ్చ, ఒక్కోదానికి తెల్లటి నురగ వల తొడిగి ఉంది. ఏం జామ ఇది అని అడిగితే "థాయ్ జామ అన్నా, గింజలు తక్కువుంటయ్, మన జామ కాదు, బయటిది" అన్నాడు. రెండు తీసుకున్నాను. ఒకటి అక్కడే కోయించి ఉప్పూకారం చల్లించుకున్నాను.